గొంతు గడప

డాక్టర్ హైమావతి ల్యాబులో సోమవారం పొద్దున ఎవరికైనా టీ దక్కాలంటే ముందు ఒక అభ్యంతరం చెప్పాలి. ఆవిడ డైరెక్టరయిన మొదటి నెలలోనే పెట్టిన నియమం అది. పూర్వం పనిచేసిన చోట ఒక పెద్దాయన మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేక, బృందమంతా ఆరేళ్లు తప్పుదారిన నడిచింది. ఆ బృందంలో తనూ ఉంది. తన దగ్గర మాత్రం అలా జరగకూడదని ఒట్టు పెట్టుకుంది. అందుకే తలా ఒక అభ్యంతరం, ఎవరికీ జంకకుండా. ఆవిడ ఒక లావుపాటి రిజిస్టరు ముందు పెట్టుకుని, తేదీ వేసి, పేరు రాసి, ఆ అభ్యంతరం రాసుకుని, పక్కన ఎర్ర టిక్కు పెట్టేది.

ఉద్దేశం బంగారమే. కాకపోతే మనవాళ్లు హోంవర్కుకి అలవాటు పడ్డ జనం. ఆదివారం సాయంత్రానికల్లా ఎవరి అభ్యంతరం వాళ్లు సిద్ధం చేసుకునేవాళ్లు. ఏసీ చల్లదనం ఎక్కువైందని ఒకరు, ప్రింటరు పక్కన చెత్తబుట్ట లేదని ఒకరు. టెక్నీషియన్ పైడిరాజు బాత్రూం గొళ్లెం మీద ఎనిమిది సోమవారాలు నెట్టుకొచ్చాడు. గొళ్లెం బాగుచేయించాక కూడా అలవాటు కొద్దీ రెండుసార్లు చెప్పాడు. మూడేళ్లలో రిజిస్టర్లు నాలుగయ్యాయి. ఎవరైనా ల్యాబు చూడడానికి వస్తే హైమావతి మొదట చూపించేది యంత్రాలను కాదు, ఆ రిజిస్టర్లను.

విశాఖపట్నంలో రుషికొండ దాటాక, సముద్రం కనిపించే ఒక మేడ మీద ఉండేది ఆ ల్యాబు. అక్కడ తయారవుతున్నది పలుకుపట్టీ. క్యాన్సరు వల్ల స్వరపేటిక తీసేసినవాళ్లు మాట్లాడాలనుకుంటే గొంతులో శబ్దం పుట్టదు గాని, దవడ కిందా నాలుక కిందా ఉన్న కండరాలు పాత అలవాటు మానవు. లోపల మాటని తయారు చేస్తూనే ఉంటాయి. మెడకి పట్టీ చుడితే అది ఆ కదలికలను చదివి, చిన్న స్పీకరులోంచి ఆ మాటని పైకి అంటుంది.

ఆ మాటలు పలికే గొంతు జోగారావుది. జోగారావు హైమావతి భర్త. ఇరవై ఆరేళ్లు ఆర్టీసీ బస్టాండులో అనౌన్సరుగా చేశాడు. పలాస బస్సు ఆరో ప్లాట్‌ఫారానికి వచ్చిందని ఆయన చెబితే ఆ గొంతు విన్నవాళ్లు మూటలు సర్దుకుని ఆరో ప్లాట్‌ఫారానికే పరిగెత్తేవాళ్లు, పార్వతీపురం వెళ్లాల్సినవాళ్లు కూడా ఒక క్షణం అటు తిరిగేవాళ్లు. రెండేళ్ల కిందట ఆ గొంతు పోయింది. అప్పట్నుంచి బటన్ నొక్కితే చెరిగిపోయే ప్లాస్టిక్ పలక ఒకటి ఆయన చేతిలో ఉంటోంది. బస్టాండులో మిగిలిన పాత రికార్డులు తెచ్చి ఆ గొంతునే పట్టీకి పోశారు. మొదటిసారి ల్యాబులో పట్టీ చుట్టినప్పుడు జోగారావు చెప్పింది బస్సు అనౌన్స్‌మెంటే. పలాస, ఆరో నంబరు. గదిలో అందరూ ఏడ్చారు. హైమావతి బయటికి వెళ్లి ఏడ్చి వచ్చింది.

చిక్కు వేరే చోట ఉంది. మనిషి గొంతులో తయారయ్యే మాటలన్నీ పైకి రావలసినవి కావు. సగం మింగేస్తాం. మాట పెదవుల దాకా వచ్చేవరకు పట్టీ ఆగితే అది ఆలస్యమై ముద్దగా వచ్చేది. గొంతు దగ్గరే పట్టుకుంటే మింగేసినవి కూడా చేతికి దొరికేవి. అందుకని ఏ మాటని దాటనివ్వాలి, ఏది ఆపాలి అని పట్టీకి నేర్పాలి. ఆ నేర్పిన తెలివికి ల్యాబులో పెట్టుకున్న పేరు గడప.

గడపకి పాఠం చెప్పడానికి ల్యాబు వాళ్లే ఆరు నెలలు మీటింగుల్లో పట్టీలు కట్టుకున్నారు. గొంతులో ఏం మెదిలిందో ఎవరూ వినకూడదు, అది యంత్రానికి మాత్రమే. పైకి అన్న మాటని విని, ఇది మనస్ఫూర్తిగా అన్నది, ఇక్కడ ఏదో మింగారు అని ఒకరు గుర్తులు పెట్టాలి. మనస్ఫూర్తి అని గుర్తు పడితే, ఆ సమయంలో గొంతులో ఉన్నదంతా పైకి పంపవచ్చని గడప నేర్చుకుంటుంది. ఆ గుర్తులు హైమావతే పెట్టింది. తన మనుషుల మనసు తనకంటే బాగా ఎవరికి తెలుసు?

పట్టీ రోజుల తరబడి కడితే ఆయన మెడ చర్మం ఒరుసుకుపోతుంది, అందుకే ఇక మిగిలింది ఆపరేషను. గడపని ఒక చిప్‌లో శాశ్వతంగా ముద్రించి, సన్నని తీగలతో సహా జోగారావు మెడ చర్మం కింద కుట్టేస్తారు. రేడియేషన్ తిన్న చర్మం అది. ఒకసారి కోస్తే మానుతుందని, రెండోసారి కోస్తే మానే ఆశ లేదని డాక్టరు ముందే చెప్పాడు. ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది. ఆపితే మళ్లీ పలకే.

ఆపరేషన్ వచ్చేవారం గురువారం అనగా, ఈ సోమవారం హైమావతి మీటింగులో అందరినీ పేరుపేరునా అడిగింది. చేసేద్దామా, ఎవరికైనా సందేహముందా అని. "చూద్దాం మేడమ్" అన్నారు ఒకరి తర్వాత ఒకరు. సిగ్నళ్ల పని చూసే సీనియర్ ఇంజనీరు నూకరత్నం కూడా చూద్దాం మేడమ్ అనే అంది. తన వంతు అభ్యంతరంగా కొత్త కుర్చీల చక్రాలు గీరుకుంటున్నాయని చెప్పింది. హైమావతి చక్రాల సంగతి రాసుకుని, కింద 'ఆపరేషన్‌కు అందరూ సమ్మతి' అని రాసి టీ తెప్పించింది.

ఆపరేషన్ లోపు అలవాటు పడతాడని పట్టీని ఆ వారం ఇంటికి పంపారు. మొదటి రెండు రోజులు ఇల్లు పండగలా ఉంది. కూరగాయలవాడితో బేరం, పక్కింటివాళ్లతో క్రికెట్టు, అన్నీ ఆ బస్టాండు గొంతులోనే. బొబ్బిలి నుంచి జోగారావు అక్క అప్పలనర్సమ్మ జంతికల డబ్బాతో దిగింది. తమ్ముడి గొంతు విని దిష్టి తీసింది. మూడోనాడు కాఫీ తాగుతూ, ఇంకో నాలుగు రోజులుండి వెళ్తానురా అంది. జోగారావు నవ్వుతూ తలూపాడు. "మళ్లీ నాలుగు రోజులా" అంది పట్టీ, వెనక వరుసలో ఉన్న ప్రయాణికుడికి కూడా వినబడేలా. ఆవిడ ముఖం మాడ్చుకుని సంచి సర్దుకుంది. బొబ్బిలి బస్సు ఎన్ని గంటలకో కూడా పట్టీయే చెప్పింది.

హైమావతి వదినని బతిమాలి, బస్సెక్కించి వచ్చి, ఆ తర్వాత పడీపడీ నవ్వింది. జోగారావు నవ్వలేదు. పలక మీద 'నేననలేదు' అని రాసి చూపించాడు. అంటే ఏమిటని ఆవిడకి అర్థం కాలేదు. అన్నది ఆయన గొంతే, అనుకున్నదీ ఆయనే.

శుక్రవారం పొద్దున ఇడ్లీలు వడ్డిస్తూ, గురువారానికి సిద్ధమేనా అని మామూలుగా అడిగింది. ఆయన పలక తీసి 'సరే' అని రాశాడు. ఆయన వేలు ఇంకా పలక మీద ఉండగానే పట్టీ "వద్దు" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపి 'సరే' మీద గట్టిగా కొట్టి చూపించాడు. "వద్దు హైమా" అంది పట్టీ. జోగారావు పట్టీ విప్పి పచ్చడి సీసా పక్కన పెట్టి, ఇడ్లీ ముగించకుండా లేచిపోయాడు.

ఆ రెండు మాటల మధ్య హైమావతి బుర్ర గిర్రున తిరిగిపోయింది. మనిషి మింగేసిన మాటే నిజమని, పైకి అనేది మర్యాద అని ఆవిడ ఇన్నాళ్లూ నమ్ముతూ వచ్చింది. ఆ లెక్కన 'వద్దు' నిజం. అలాగైతే ఆయన చేత్తో రాసిచ్చిన మాటని చెత్తబుట్టలో వేయాలి. రాసిందే నిజమైతే, గొంతులోంచి రెండుసార్లు వచ్చిన దాన్ని ఏమనాలి? ఆయన్నే అడుగుదామంటే ఆయన పలక పట్టుకుంటే ఒకటి చెబుతాడు, పట్టీ పెట్టుకుంటే ఒకటి చెబుతాడు. ఏ జోగారావుని అడగాలో తెలియక ఆవిడ రెండు పూటలు కూరల్లో ఉప్పు మరిచిపోయింది.

చివరికి, అసలు ల్యాబులో వాళ్ల మనసులో ఏముందో తెలిస్తే ఈ ముడి విడుతుందని తోచింది. సోమవారం మీటింగుకి పట్టీలన్నీ ఛార్జి చేసి ఉంచమని శనివారమే పైడిరాజుకి చెప్పింది.

సోమవారం ఆవిడ పళ్లెంలో పట్టీలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇష్టమున్నవాళ్లే పెట్టుకోండి అంది. డైరెక్టరు ఇష్టమున్నవాళ్లే అంటే ఇష్టం లేనివాళ్లు ఎవరుంటారు, అందరూ పెట్టుకున్నారు. గురువారం ఆపరేషన్ చేయొచ్చా అని మళ్లీ అడిగింది. చూద్దాం మేడమ్, చూద్దాం మేడమ్ అని వరసగా వచ్చింది. పట్టీలు మాత్రం కిక్కురుమనలేదు. హైమావతి గుండె తేలికపడబోతుండగా యాలకుల వాసన తగిలింది. అందరి దవడలూ ఆడుతున్నాయి. ఒకరు యాలకులు, ఒకరు లవంగం, పైడిరాజు బుగ్గనిండా వక్కపొడి. నములుతుంటే పట్టీ ఏదీ చదవలేదని వాళ్లకి తెలియక కాదు, దాన్ని తయారు చేసిందే వాళ్లు. శనివారం సాయంత్రమే పైడిరాజు అందరి చెవినా వేశాడు.

నూకరత్నం చెవిన మాత్రం పడలేదు. ఆవిడ సెలవులో ఊరెళ్లి, ఆ పొద్దున్నే నేరుగా బస్సు దిగి వచ్చింది. తన వంతు రాగానే చూద్దాం మేడమ్ అంది. వెంటనే ఆవిడ మెడ దగ్గర్నుంచి జోగారావు గొంతు పలికింది.

"చెప్పినా రాసుకుంటారు, అంతే కదా."

ల్యాబులో పట్టీలన్నిటికీ ఉన్నది ఆ ఒక్క గొంతే అని హైమావతికి తెలుసు. తెలిసినా, తన భర్త తనని పదిమందిలో నిలదీసినట్టే అనిపించింది. నూకరత్నం పట్టీని అరచేత్తో మూసేసి, నేననలేదు మేడమ్ అంది. అది అబద్ధం కాదు. జోగారావు పలక మీద రాసిందీ అదే. ఈ అననివాళ్లందరి మధ్యా అంటున్నది ఎవరో హైమావతికి అంతు చిక్కలేదు.

మిగతావాళ్లని టీకి పంపి, కోప్పడనని చెప్పి, అసలు విషయమేమిటో చెప్పమంది. నూకరత్నం తలుపు వేసి వచ్చింది.

"గుర్తులు పెట్టినప్పుడు, చూద్దాం అన్న ప్రతి చోటా మీరు మనస్ఫూర్తి అని పెట్టేరు మేడమ్."

"కాదా మరి?"

"మీ పాప చిన్నప్పుడు ఎక్కడికైనా తీసుకెళ్లమంటే మీరేటనేవారండి?"

హైమావతికి తడుముకోవలసిన అవసరం రాలేదు. జూకి, సర్కస్‌కి, అరకుకి, అన్నిటికీ చూద్దాం అనే అనేది. ఒక్కసారీ వెళ్లలేదు. ఇంట్లో ఆ మాటకి అర్థం తనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఆఫీసు గుమ్మంలో చెప్పులతో పాటు ఆ అర్థాన్ని కూడా విడిచేసి, మూడేళ్లుగా దాన్ని 'ఔను' అని వింటోంది. అలా వినడం తనకి హాయిగా ఉండేది కాబట్టి విన్నది.

చూద్దాం అంటూ జనం మింగేవన్నీ పైకి పంపొచ్చని గడప నేర్చేసుకుందని నూకరత్నం చెప్పింది. మర్యాద కోసం మింగినవీ, భయంతో మింగినవీ, పక్కవాడు బాధపడతాడని మింగినవీ. ఫిబ్రవరి నుంచే తనకి తెలుసంది.

"ఫిబ్రవరి నుంచి తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేను మేడమ్. మూడో రిజిస్టర్లో ఉంటాది చూడండి."

హైమావతి మూడో రిజిస్టరు తీసింది. ఉంది. ప్రింటరు చెత్తబుట్టకీ బాత్రూం గొళ్లేనికీ మధ్య, తన చేతిరాతలోనే. 'నూకరత్నం: గడప గుర్తులు వేరేవాళ్లు కూడా ఒకసారి చూస్తే బాగుంటుంది.' పక్కన ఎర్ర టిక్కు. అప్పుడు తనేమందో మాత్రం అందులో లేదు. అడిగింది.

"చూద్దాం అన్నారు మేడమ్."

హైమావతి రిజిస్టరు మూసేసింది. ఇంతమంది నోళ్లు తెరిపించానని ఊరంతా చెప్పుకున్నందుకు సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. గురువారం సంగతి ఇప్పుడు చెప్పమంది. నూకరత్నం మెడకున్న పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, తన సొంత గొంతుతో అంది.

"వద్దు మేడమ్."

హైమావతి అది రాసుకోలేదు. ఫోను తీసి డాక్టరుతో ఆపరేషన్ ఆపేస్తున్నామని చెప్పింది. టీ కప్పులతో తిరిగొచ్చిన వాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు.

ఇంటికి వెళ్లేటప్పుడు, తప్పు చేసినా దాన్ని సమయానికి దిద్దుకున్నానని ఆవిడకి కొంచెం గర్వంగానే ఉంది. జోగారావు బాల్కనీలో బట్టలు మడతపెడుతున్నాడు. సంగతంతా చెప్పింది. ఆయన మడతపెడుతున్న చొక్కా వదిలేసి పలక తీసుకున్నాడు. 'నన్నడిగావా?'

నువ్వే కదా వద్దన్నావు, రెండుసార్లు అన్నావు, నీ మనసులో ఉన్నదే కదా అంది ఆవిడ. ఆయన బటన్ నొక్కి చెరిపి, మళ్లీ రాశాడు. పలక పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా రాశాడు.

'వద్దన్నది నా భయం. సరేనన్నది నేను.'

భయాన్నీ మనిషినీ విడదీయలేని గడపని మెడలో కుట్టకుండా ఆపడం సబబే. భయపడుతూనే ఒప్పుకున్న మనిషిని అడగకుండా ఆపడం తప్పే. రెండూ ఒక్కటే పని. ఆయన ఆ రోజు ఇంకేమీ రాయలేదు. మర్నాడూ రాయలేదు. రెండేళ్ల మౌనం ఆవిడకి అలవాటే, కానీ ఇది ఆ మౌనం కాదు. ఇంట్లో తనకి భయం వేయడం అదే మొదటిసారి.

గురువారం, ఆపరేషన్ జరగవలసిన వేళకి, జోగారావు సిటీ బస్సెక్కి ల్యాబుకి వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా మీటింగు గదిలో కూర్చుని నూకరత్నాన్ని పిలవమని రాసి చూపించాడు. ఆవిడ రాగానే పలక చూపించాడు. గొంతు నాది, ఏ మాట పైకొచ్చినా నేనే పడతాను, ఆపడానికి మీరెవరు అని ఉంది దాని మీద. నూకరత్నం గతుక్కుమంది గాని వెనక్కి తగ్గలేదు.

"మీరు పడతారు అన్నయ్యగారూ. మీ అక్కగారు పడొద్దా? ఇంటికొచ్చినోళ్లందరూ పడాలా?"

ఆయన ఏదో రాసి చెరిపాడు, మళ్లీ రాశాడు. అంతలో గుమ్మంలో నిలబడ్డ పైడిరాజు ఎవరూ అడక్కుండానే కలగజేసుకున్నాడు. "రెండేళ్లయిపోనాది మనిషి మాటాడి. మీ గడప బాగుపడీదాకా ఆయన్ని మూగోడిలా కూచోమంటే ఎలగమ్మా? తప్పు మాటైనా పరవాలేదు, ఆయన్ని మాటాడనీండి" అన్నాడు. గొళ్లెం తప్ప మరో ఊసెత్తని మనిషి. నీకేం తెలుసని నూకరత్నం, నాకేటి తెలవదని అతను, మధ్యలో జోగారావు పలక ఎత్తి పట్టుకోవడం. పక్క గదుల వాళ్లు కూడా వచ్చి తలో పక్షం చేరారు.

మూడేళ్లుగా హైమావతి కోరుకున్నది ఇదే. ఎవరికీ జంకకుండా ఎదురు చెప్పే గది. తీరా వచ్చాక అది ఆవిడకి ఏమాత్రం నచ్చలేదు. లేచి పారిపోదామనిపించింది. రెండు పక్షాలు చెప్పేదీ నిజంలాగే ఉంది. అలసిపోయి అందరూ చివరికి ఆవిడ వైపు తిరిగారు. డైరెక్టరు కదా, తేల్చాలి.

"నాకు తెలియడం లేదు" అంది హైమావతి.

ఆ మాట ఆవిడ నోట ఆ ల్యాబులో ఎవరూ విని ఉండలేదు. పైడిరాజు చూపు నేల మీదికి దించుకున్నాడు. జోగారావు భార్య ముఖంలోకి తేరిపార చూసి, ఎత్తిన పలకని మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడు నూకరత్నం నెమ్మదిగా ఒక దారి చెప్పింది. గుర్తులు పెట్టే పని మేడమ్‌దీ కాదు, తనదీ కాదు. ఆయన గొంతులో మెదిలిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆయనకే వినిపించాలి. నాది అని ఒక మీట, నాది కాదు అని ఒక మీట. ఆ వారం ఇంట్లో పట్టీలో రికార్డయినవే మూడువేల పైచిలుకు ఉన్నాయి. అవన్నీ విని, గడపకి మళ్లీ మొదట్నుంచి నేర్పేసరికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. మింగేసిన మాటలన్నీ తిరిగి వినడం మనిషికి కష్టమేనని, ఆలోచించుకోమని కూడా చెప్పింది. జోగారావు ముఖంలో కోపం పోలేదు. 'ఇవాళే మొదలుపెట్టండి' అని రాశాడు.

యంత్రం గదిలో ఆయన్ని కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. హైమావతి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. నూకరత్నం మొదటి రికార్డు తీసి, ఆగి, ఆవిడ వైపు తిరిగింది.

"మీరిక్కడ ఉండకూడదు మేడమ్."

నేను వినను కదా, ఊరికే తోడు కూర్చుంటాను అంది హైమావతి.

"మీరుంటే ఆయన మిమ్మల్ని చూసి మీట నొక్కుతారు. బయటికెళ్లండి మేడమ్."

ఆవిడకి ఉక్రోషం వచ్చింది. అది తన ల్యాబు, ఆయన తన భర్త. ఆ మూడువేల మాటల్లో సగం తన గురించే అయివుంటాయి. అవేమిటో, వాటిలో ఏవి నావి అంటాడో, ఏవి కాదంటాడో తెలుసుకోకపోతే రేపట్నుంచి ఆయనకి అన్నం ఎలా వడ్డించాలో కూడా తెలియదనిపించింది. భర్త కేసి చూసింది, ఉండమంటాడేమోనని. ఆయన యంత్రం వైపే చూస్తున్నాడు. ఆవిడ లేచి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

తలుపుకి సగం దాకా అద్దముంది. అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. నూకరత్నం ఏదో నొక్కింది. ఆయన భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. రెండు మీటల మీదా చేతులు పెట్టుకుని, ఏదీ నొక్కకుండా, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి లేచి తలుపు వైపు వచ్చాడు. తనని లోపలికి పిలుస్తాడనుకుని హైమావతి ఒక అడుగు ముందుకు వేసింది. జోగారావు ఆవిడ కళ్లలోకి ఒకసారి చూసి, అద్దానికున్న తెర కిందికి లాగి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.